పాత సెయిల్‌ బోటు డెక్ లీకులు: చుట్టూ సీలెంట్ పూస్తే చాలా, అన్నీ విప్పాల్సిందేనా?

తెరచాప_అన్నాపోలిస్ | ఏప్రిల్ 3

నమస్కారం అందరికీ. నాది 1976 నాటి పియర్సన్ 30 సెయిల్ బోటు, కిందటేడు అక్టోబర్లో కొన్నా, అమెరికాలో అన్నాపోలిస్‌లో బ్యాక్ క్రీక్‌లో ఉంటుంది. చలికాలమంతా టార్పాలిన్ కప్పే ఉంచా కాబట్టి ఏమీ తెలీలేదు. మొన్న టార్పాలిన్ తీసిన వారానికే రెండ్రోజులు ఒకటే వాన, శనివారం వెళ్ళి క్యాబిన్ తలుపు తీస్తే లోపలంతా తడిసిన గోనెసంచి వాసన, కుడివైపు బెర్తు మీద పరుపు నొక్కితే నీళ్ళొస్తున్నాయి. పరుపెత్తి చూస్తే కింద చెక్క మీద డికాషన్ రంగులో మడుగు కట్టి ఉంది. వాన నీళ్ళు ఆ రంగులో ఎందుకుంటాయో నాకు అర్థం కాలేదు.

సరిగ్గా దానికి పైన డెక్ మీద ఒక స్టాంచన్ ఉంది (డెక్ అంచున లైఫ్‌లైన్‌ని మోసే స్టీల్ కడ్డీ, బోట్లు అలవాటు లేనివాళ్ళ కోసం చెప్తున్నా). దాని బేస్ చుట్టూ పాత ఓనరు తెల్ల సిలికాన్ మందంగా పూశాడు, అది అంచుల్లో లేచిపోయింది. దాన్ని గీకేసి కొత్తది గట్టిగా పూసేస్తే ఈ సీజన్‌కి సరిపోతుందా? మే చివర్లో పిల్లల్ని తీసుకుని సెయింట్ మైకేల్స్ దాకా వెళ్దామని మాటిచ్చేశా. లేక మొత్తం విప్పాల్సిందేనా? డెక్ మీద లెక్కపెడితే క్లీట్లు (తాళ్ళు కట్టే కొక్కేలు), ట్రాకులు, స్టాంచన్లు అన్నీ కలిపి వందకి పైనే బోల్టులున్నాయి, చూస్తుంటే గుండె దడగా ఉంది.

గోదారి_గట్టు | ఏప్రిల్ 3

పూయకండి. దయచేసి పూయకండి. మీరు రాసినదాంట్లో నన్ను భయపెట్టింది పరుపు తడవడం కాదండి, ఆ డికాషన్ రంగు.

మీ డెక్ ఒకే పలక కాదు, పైన ఒక ఫైబర్‌గ్లాస్ పొర, కింద ఒక ఫైబర్‌గ్లాస్ పొర, మధ్యలో బాల్సా చెక్క, బొబ్బట్టులో పూర్ణం ఉన్నట్టు. ఆ బాల్సా వల్లే డెక్ తేలిగ్గా ఉండి కూడా కాలేస్తే ఊగదు. బోల్టు రంధ్రం లోంచి నీళ్ళు దిగితే ముందు తాగేది ఆ చెక్కే, అది కుళ్ళడం మొదలెట్టాకే నీళ్ళకి ఆ రంగు వస్తుంది. అంటే నీళ్ళు మీ పరుపు మీద పడింది ఈ మార్చిలోనేమో గానీ లోపలికి దిగడం ఎప్పుడో మొదలైంది. ఇప్పుడు మీరు పైన పూస్తే, కారడం ఆగినా ఆగకపోయినా, లోపల ఉన్న తడి లోపలే ఉండిపోతుంది. మీ దగ్గర చలికాలం గడ్డకడుతుంది కదా, గడ్డకట్టిన నీళ్ళు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఉబ్బిన ప్రతిసారీ పొర చెక్కని వదిలేస్తూ పోతుంది.

ముందు ఒక పని చెయ్యండి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా కొట్టుకుంటూ పోండి, రెండంగుళాలకి ఒకటి చొప్పున. బాగున్నచోట టంగుమని గట్టిగా పలుకుతుంది, పాడైనచోట దబ్ దబ్‌మని చచ్చిన మోత వస్తుంది. ఆ తేడా చెవికి అరగంటలో పట్టుబడుతుంది. మోత మారినచోటల్లా మాస్కింగ్ టేపుతో గిరి గీసుకోండి. నేను ఉండేది సియాటిల్లో, ఇక్కడ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ముసురే, నా కేటలినా 27 బోటు మీద మూడు శీతాకాలాలు ఇదే పని చేశా.

తెరచాప_అన్నాపోలిస్ | ఏప్రిల్ 6

థాంక్సండి. నిన్న పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కొట్టా. కుడివైపు మధ్య స్టాంచన్ చుట్టూ అన్నం పళ్ళెం అంత మేర దబ్‌మంటోంది, దాని వెనక స్టాంచన్ చుట్టూ అరచేయంత. కుడివైపు చైన్‌ప్లేట్ (తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు కట్టే స్టీల్ పట్టీ) డెక్‌లోంచి బయటికొచ్చే చోట కూడా తేడాగా ఉంది కానీ అది చెక్క మోతో, కింద బల్క్‌హెడ్ (లోపలి అడ్డగోడ) ఉండటం వల్లో చెప్పలేకపోతున్నా. ఎడమవైపు అంతా టంగుమంటోంది. ఇంకో సంగతి, స్టాంచన్ పైన పట్టుకుని ఊపితే బేస్ దగ్గర సన్నగా కదులుతోంది.

పిట్‌వాటర్_బాబాయి | ఏప్రిల్ 6

ఊపితే కదులుతోందంటే నీ లీకుకి కారణం అదే నాయనా. స్టాంచన్ ఎత్తు రెండడుగులు, బేస్ నాలుగంగుళాలు. డాక్ మీంచి ఎక్కేవాళ్ళందరూ దాన్నే పట్టుకుని ఒంటి బరువంతా లాగుతారు, అది గునపంలా పనిచేసి బేస్‌ని పైకి పెకలిస్తుంది. కింద మామూలు వాషర్లే ఉంటే ఎంత మంచి సీలెంట్ పెట్టినా ఏడాదిలో తెగుతుంది. కింద వెడల్పాటి బ్యాకింగ్ ప్లేట్ పడాలి, దాని గురించి తర్వాత చెప్తా. ఈలోపు ఇంట్లో పిల్లలకీ వచ్చే చుట్టాలకీ గట్టిగా చెప్పు, స్టాంచన్ పట్టుకుని ఎక్కొద్దని.

రెండోది, నీళ్ళు పడినచోటికి సరిగ్గా పైనే రంధ్రం ఉంటుందనుకోకు. నీళ్ళు ఒకచోట దిగి డెక్‌కీ లోపలి లైనర్‌కీ మధ్య సందులో పాక్కుంటూ, బోటు ఎటు ఒరిగితే అటు పోయి, ఎక్కడో ఆరడుగుల దూరాన కారతాయి. హోస్ పైపు పెట్టి వెతుకు. అయితే పైనుంచి మొదలుపెట్టకు, అన్నిటికంటే కిందున్న ఫిట్టింగ్‌తో మొదలుపెట్టి ఒక్కోదాని మీద పది నిమిషాలు సన్నగా వదులు, లోపల ఒక మనిషి టార్చి లైటుతో కూర్చోవాలి. పైనుంచి మొదలుపెడితే కారే నీళ్ళు అన్నిటినీ తడిపేస్తాయి, ఏది దొంగో తేలదు.

ఇంకో మార్గం కూడా ఉంది, నేను సిడ్నీలో నా పాత బోటుకి చేశా. ఆకులూదే బ్లోయర్ తెచ్చి, హ్యాచ్‌లో అట్టముక్క కోసి అందులో దాని మూతి పెట్టి, మిగతా సందులన్నీ టేపేసి, లోపలికి గాలి కొట్టడం. డెక్ మీద ప్రతి ఫిట్టింగ్ చుట్టూ సబ్బునీళ్ళు చల్లు. సైకిల్ ట్యూబ్ పంక్చర్ వెతికినట్టే, గాలి తన్నేచోట బుడగలొస్తాయి. బ్లోయర్ సన్నగా పెట్టు, ఎక్కువ ఒత్తిడి అక్కర్లేదు. నాకు అనుమానమే లేని రెండుచోట్ల బుడగలు చూశా ఆ రోజు.

ఓరుగల్లు_ఆలమీడా | ఏప్రిల్ 7

అన్నా, స్టాంచన్ల ముచ్చట తర్వాత, చైన్‌ప్లేట్ దగ్గర తేడా ఉందన్నవ్ చూడు, నాకైతే అదే ముందు చూడాలె అనిపిస్తుంది. స్టాంచన్ లీకైతే పరుపు తడుస్తది, చైన్‌ప్లేట్ తెగితే తెరచాప స్తంభమే కూలుతది. స్తంభాన్ని పక్కల నుంచి నిలబెట్టే తీగలన్నీ దానికే కట్టి ఉంటయ్.

స్టెయిన్‌లెస్ తుప్పు పట్టది అనుకుంటం కదా, అది గాలి తగిలినంత సేపే. దాని మీద క్రోమియం ఆక్సైడ్ పొర సన్నగ ఉంటది, అదే దాన్ని కాపాడేది, ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలె. డెక్ మందంలో సీలెంట్ మధ్య ఇరుక్కున్న భాగానికి తడి అందుతది గానీ గాలి అందది, అక్కడ లోపల్లోపల సన్న పగుళ్ళు మొదలైతయ్. పైన చూస్తే మెరుస్తనే ఉంటది, కింద చూస్తే మెరుస్తనే ఉంటది, మధ్యల అంగుళమే తినేసి ఉంటది. మా బోటుది రెండేండ్ల కింద తీసినప్పుడు బోల్టు రంధ్రం పక్కన వెంట్రుకంత గీత కనబడ్డది, గోరుకి కూడా తగలలే. డై పెనెట్రంట్ కిట్ తెచ్చి ఎర్ర రంగు పూసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే ఆ గీత సగం వెడల్పు దాకా ఎర్రగ లేచింది. ఆ ప్లేట్ మీదనే అంతకుముందు వారం గోల్డెన్ గేట్ కింద ఇరవై నాట్ల గాలిలో తిరిగినం. అది తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతయ్.

ఒక్కోటి విప్పుర్రి, రెండు పక్కలవి ఒక్కసారే వద్దు. విప్పే ముందు హల్యార్డ్ (తెరచాపని పైకి లాగే తాడు) ఒకటి ఆ పక్కకి గట్టిగ కట్టి స్తంభానికి ఊతం ఇయ్యాలె. ప్లేట్ తీసినంక, అది బిగించి ఉన్న ప్లైవుడ్ బల్క్‌హెడ్‌ని దబ్బళంతో పొడిచి చూడుర్రి. సులువుగ దిగితే ఆ ప్లైవుడ్ కూడా పోయినట్టే.

కొత్త_నావికుడు | ఏప్రిల్ 7

మధ్యలో వస్తున్నందుకు సారీ. నేను టెక్సాస్‌లో చిన్న బోటు చూస్తున్నా కొనడానికి. మా డాక్ మీద ఒకాయన అన్నిటికీ 3ఎం 5200 పెట్టేయ్ జన్మలో లీకవదు అంటున్నాడు. నిజమేనా?

పిట్‌వాటర్_బాబాయి | ఏప్రిల్ 8

లీకవదేమో గానీ జన్మలో ఊడదు కూడా. 5200 అనేది సీలెంట్ కంటే ముందు జిగురు. మళ్ళీ విప్పాల్సిన అవసరం రాని అతుకులకి అది మంచిదే. డెక్ మీద ప్రతి సామానూ ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిందే, అప్పుడు దానితోపాటు జెల్‌కోటూ (ఫైబర్ మీది నున్నటి పూత) కింది ఫైబరూ చెక్కలు చెక్కలుగా లేచొస్తాయి.

నా చేతికి అలవాటైంది చెప్తా. లోహపు సామాను డెక్‌కి బోల్టు చేసేచోట బ్యూటైల్ టేప్, బోట్లకని అమ్మే బూడిదరంగుది. ఇళ్ళ రేకులకీ గట్టర్లకీ అమ్మేది తేకు, ఎండకి కారిపోతుంది. బ్యూటైల్ ఎండదు, ఏళ్ళ తరబడి మెత్తగా బంకలా ఉండి లోహం కదిలినప్పుడల్లా దాంతోపాటు సాగుతుంది. అయితే పెట్రోలు తగిలితే కరుగుతుంది కాబట్టి ఇంధనం పోసే మూతల దగ్గర వద్దు, నీటిమట్టం కిందా వద్దు. టీక్ (టేకు) చెక్కకి పాలీసల్ఫైడ్ అనే సీలెంట్ మేలు. కానీ అదే పాలీసల్ఫైడ్ అక్రిలిక్, పాలీకార్బొనేట్, ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్కులకి పెట్టకూడదు, వాటిని పెళుసు చేసి పగలగొడుతుంది, కిటికీల దగ్గర చాలామంది అక్కడే దెబ్బతింటారు.

సిలికాన్ మాత్రం డెక్ సామానుకి వద్దే వద్దు. అది ఊడినా కంటికి కనపడని జిడ్డు వదిలిపోతుంది, దాని మీద తర్వాత ఏదీ అతకదు, సిలికాన్ మీద సిలికాన్ కూడా సరిగ్గా పట్టదు. అందుకే అన్నాపోలిస్ అబ్బాయి బోటు మీద పాత ఓనరు పూసింది అంచుల్లో లేచిపోయింది. దాన్ని బ్లేడుతో గీకి, సన్న ఇసక కాగితం కొట్టి, అసిటోన్ గుడ్డ మార్చి మార్చి తుడవాలి. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డుని అటూ ఇటూ జరిపినట్టే.

పెదజాలారిపేట | ఏప్రిల్ 8

నేను వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ బోట్లు రిపేర్ చేస్తానండి. సెయిల్ బోట్ నేను చెయ్యలేదు గానీ మీరు చెప్పే జబ్బు మాకు తెలుసు. మా ఫైబర్ తెప్పల్లో బాల్సా ఉండదు, లోపల థర్మోకోల్ ఉంటది. ఇంజిను బిగించే బోల్టు దగ్గర సన్న పగులొస్తే చాలు నీళ్ళు లోపలికెళ్ళిపోతాయి, బయటికి ఏటీ కనపడదు. ఒకరోజు తీరానికి లాగుతుంటే ఎప్పుడూ లాగే మనుషులకి కదలదు, అప్పుడు తెలుస్తది తెప్ప బరువెక్కిందని. అప్పటికి లోపల సరుకంతా నీళ్ళు తాగేసి ఉంటది, కోసి తియ్యడమే.

మా తాత నాటు పడవలకి పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి వేడివేడిగా పోసీవోడు. ఏడాదికోసారి పడవని ఒడ్డుకి లాగి పాత దూదంతా కొక్కెంతో పీకి, సందు ఎండే దాకా రోజుల తరబడి ఆగి, అప్పుడే కొత్తది కూరీవోడు. పాతదాని మీద పోస్తే తొందరగా అయిపోద్ది కదా తాతా అంటే, తడి మీద గుగ్గిలం పడితే అది పడవకి అతకదురా, తడికి అతుకుద్ది అనీవోడు. రంధ్రాలు నింపే ఎపాక్సీకి (రెసిన్‌లో హార్డనర్ కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) కూడా అదే మాట. చెక్క ఎండకుండా పొయ్యకండి.

మరొకటి, పాత ఫైబర్ మీద పాలిస్టర్ రెసిన్ సరిగా పట్టదు, ఖర్చెక్కువైనా ఎపాక్సీయే వాడండి. మాకిక్కడ మే నెలలో కలిపిన పది నిమిషాలకే డబ్బా పొగలు కక్కుద్ది, పొద్దున్న ఆరింటికే కలుపుతాం. ఒకేసారి ఎక్కువ కలపకండి.

తెరచాప_అన్నాపోలిస్ | ఏప్రిల్ 9

మీ తాతగారి మాట కాగితం మీద రాసి టూల్ బాక్స్ మూతకి అతికించుకున్నా అన్నా.

సరే, విప్పుతున్నా. ఓరుగల్లు అక్క చెప్పినట్టు ముందు చైన్‌ప్లేట్. గోదారి_గట్టు గారూ, రంధ్రాలు ఎలా బాగుచెయ్యాలో కాస్త వివరంగా చెప్పగలరా?

గోదారి_గట్టు | ఏప్రిల్ 9

చెప్తానండి, కాస్త పెద్దదవుద్ది.

అసలు మన ఉద్దేశం బోల్టు బాల్సాని తాకకుండా చెయ్యడం. బోల్టుకీ చెక్కకీ మధ్య గట్టి ఎపాక్సీ గోడ ఉంటే, రేపెప్పుడైనా సీలెంట్ ఓడిపోయినా నీళ్ళు క్యాబిన్‌లో పడతాయే గానీ డెక్ లోపలికి దిగవు. మీది పావంగుళం బోల్టు అనుకుందాం. సామాను తీసేసి పై పొరా చెక్కా వరకు అరంగుళం డ్రిల్లు వెయ్యండి, కింది పొరని మాత్రం వదిలెయ్యండి. తర్వాత ఎల్ ఆకారం అలెన్ కీ పొట్టి కాలుని అరంగుళానికి కోసి డ్రిల్లుకి బిగించి రంధ్రంలో తిప్పితే, రెండు పొరల మధ్య ఉన్న చెక్కంతా చుట్టూ అరంగుళం మేర పొడై వచ్చేస్తుంది. వాక్యూమ్‌తో లాగెయ్యండి. ఆ పొడిని చేతిలోకి తీసుకుని చూడండి, లేత గడ్డి రంగులో పొడిగా ఉంటే మీ అదృష్టం. నల్లగా కాఫీ ముద్దలా ఉంటే మంచి చెక్క తగిలేదాకా తవ్వుతూ పోవాలి.

ఎండాక కింద రంధ్రానికి టేపేసి, ముందు పల్చటి ఎపాక్సీ బ్రష్‌తో లోపలి అంచులకి పట్టించండి, చెక్క తాగనివ్వండి. పది నిమిషాలాగి, వెస్ట్ సిస్టమ్ అనే ఎపాక్సీ కంపెనీ వాళ్ళ 404 ఫిల్లర్ (చిక్కబరిచే పొడి) కలిపి దోసెల పిండి జారుడులో సిరంజితో అడుగునుంచి పైకి నింపండి, గాలి బుడగ ఉండిపోకుండా. 105 రెసిన్‌కి 205 గానీ 206 గానీ హార్డనర్, రెండూ 5 కి 1 పాళ్ళు, కంటితో కొలవొద్దు, వాళ్ళ పంపులతోనే కొట్టండి. మీ ఏప్రిల్ చలికి 205 తీసుకోండి, 206 కి వెచ్చదనం కావాలి. గట్టిపడ్డాక పైన మైనంలా జిడ్డు తేలుతుంది, దాన్ని మామూలు నీళ్ళతో స్కాచ్‌బ్రైట్ పెట్టి కడగండి, అసిటోన్‌తో కాదు. అప్పుడు మధ్యలో అసలు సైజు రంధ్రం వేసుకోవాలి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. రంధ్రం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కాస్త విప్పండి, చిన్న గిన్నెలా. బోల్టు మెడకి బ్యూటైల్ సన్న తాడులా చుట్టి పెడితే, బిగించినప్పుడు అది ఆ గిన్నెలో ఇరుక్కుని ఉంగరంలా ఒత్తుకుంటుంది. ఆ పల్లం లేకపోతే బ్యూటైల్ అంతా బయటికి వచ్చేసి లోహం డెక్‌కి ఆనిపోతుంది.

బిగించేటప్పుడు పైన ఒకరు బోల్టు తలని కదలకుండా పట్టుకోవాలి, కింద ఒకరు నట్టు తిప్పాలి. బోల్టు తిరిగితే చుట్టిన బ్యూటైల్ తెగుతుంది. ఒకేసారి బిగించెయ్యకండి. కొంచెం బిగించి బయటికి ఒత్తుకొచ్చింది చెక్కతో గీకేసి ఆగండి, మర్నాడు ఇంకో పావు చుట్టు, చలిగా ఉంటే మూడ్రోజుల తర్వాత మళ్ళీ.

పిట్‌వాటర్_బాబాయి | ఏప్రిల్ 10

బాగా చెప్పావు. బ్యాకింగ్ ప్లేట్ మాట నేను పూర్తి చేస్తా. జి10 అని ఎపాక్సీ ఫైబర్‌గ్లాస్ పలక దొరుకుతుంది, పావంగుళం మందం, బేస్ కంటే ప్రతి పక్కా ఒక అంగుళం పెద్దదిగా కోసుకో, మూలలు గుండ్రంగా అరగదియ్యి. అల్యూమినియం పెట్టేవాళ్ళున్నారు గానీ ఉప్పు తడిలో స్టెయిన్‌లెస్ బోల్టు పక్కన అది తెల్ల పొడై పోతుంది. ప్లైవుడ్ వద్దు, మళ్ళీ కుళ్ళేదాన్నే తెచ్చి పెట్టడం ఎందుకు? డెక్ అడుగు ఎప్పుడూ సాపుగా ఉండదు కాబట్టి ప్లేటుని గారెల పిండంత గట్టి ఎపాక్సీలో ఒత్తి కూర్చోబెట్టు. ఇంకోటి, సీలెంట్ పైనే, కింద ప్లేటు దగ్గర పెట్టొద్దు. లీకైతే కిందకి కారి నీకు తెలియాలి, డెక్ లోపల నిలవకూడదు.

తెరచాప_అన్నాపోలిస్ | ఏప్రిల్ 28

మూడు వారాలైంది రాయక, క్షమించండి.

చైన్‌ప్లేట్లు ముందు. కుడివైపు ప్లేట్ డెక్ మందంలో ఉన్న భాగం ముదురు గోధుమ రంగు చారలతో ఉంది, పాలిష్ చేసి డై వేస్తే పగులేమీ తేల్లేదు గానీ మూడుచోట్ల సూది గుచ్చినట్టు గుంటలున్నాయి. నా మనసొప్పలేదు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో రెండు పక్కలవీ కొత్తవి చేయించా. బల్క్‌హెడ్‌ని దబ్బళంతో పొడిస్తే దిగలేదు, ఆ క్షణం మా ఆవిడా నేనూ ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం.

మధ్య స్టాంచన్ బోల్టులు ఊడదీస్తే నాలుగిట్లో రెండు నట్టులు చేత్తోనే తిరిగాయి. కింద రూపాయి బిళ్ళంత వాషర్లే ఉన్నాయి. అలెన్ కీ తిప్పగానే చల్లటి నల్లటి ముద్ద వచ్చింది, పిండితే వేళ్ళ సందుల్లోంచి అదే డికాషన్ కారింది. తవ్వుతూ పోతే ఎక్కడా మంచి చెక్క తగల్లేదు, రంధ్రాలు సరిపోవని తెలిసిపోయింది. ఎపాక్సీ ఇంజెక్ట్ చేసేద్దామా అని ఒక రాత్రంతా ఆలోచించా.

గోదారి_గట్టు | ఏప్రిల్ 28

తడి చెక్కలోకి ఇంజెక్ట్ చేస్తే సూది దగ్గర ఒక ముద్దై ఆగిపోతుందండి, మిగతాదంతా అలాగే ఉంటుంది. చెయ్యలేదు కదా?

తెరచాప_అన్నాపోలిస్ | ఏప్రిల్ 29

లేదండి, చెయ్యలేదు. పై పొరని కోశా. ఆసిలేటింగ్ టూల్‌తో పద్నాలుగంగుళాలు బై తొమ్మిది అంగుళాల ముక్క, నాన్‌స్కిడ్ (కాలు జారకుండా ఉండే గరుకు) డిజైన్ అంచు వెంబడే కోశా, అతుకు కనపడకుండా. పొర పెచ్చులా లేచొచ్చింది, దాన్ని జాగ్రత్తగా దాచా. కింద చెక్కని ఉలితో గీకితే తడి ఊక లాంటిది బకెట్‌లో సగం వచ్చింది. చుట్టూ అంచుల్లో గడ్డి రంగు చెక్క కనపడేదాకా గీకా. డీహ్యూమిడిఫయర్ పెట్టి, పైన టెంటు కట్టి తొమ్మిది రోజులు ఆగా. రోజూ సాయంత్రం వెళ్ళి వేలితో తాకి చూసి వచ్చేవాణ్ణి. తర్వాత కొత్త బాల్సా కోసి ఎపాక్సీలో పరిచా, బోల్టులు పడేచోట మాత్రం బాల్సా లేకుండా మొత్తం గట్టి ఎపాక్సీయే నింపా. పాత పొరని మళ్ళీ దాని మీదే అతికించి ఇసక బస్తాలు పెట్టా. అంచులు గ్రైండ్ చేసి గ్లాస్ టేపేసి జెల్‌కోట్ వేశా. వెనక స్టాంచన్‌కి ఇంత కష్టం లేదు, రంధ్రాలు తవ్వి నింపితే సరిపోయింది.

కౌంటర్‌సింక్ మాట మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు. మా ఆవిడ పైన స్క్రూడ్రైవర్ పట్టుకుంటే నేను లాకర్‌లో ముడుచుకుని పడుకుని నట్టులు తిప్పా. పావు చుట్టుకి బ్యూటైల్ అన్ని పక్కలా సమానంగా సన్న నూలుపోగులా బయటికొచ్చింది. ఇప్పుడు ఊపితే స్టాంచన్ కాదు, పడవే ఊగుతోంది.

ఓరుగల్లు_ఆలమీడా | ఏప్రిల్ 29

మస్తు మంచిగ చేసినవ్ అన్నా. కొత్త చైన్‌ప్లేట్ల తేదీ లాగ్‌బుక్‌ల రాసి పెట్టు, ఫొటో తీసి పెట్టు. పదేండ్లకి మళ్ళ తీసి చూడాలె, అప్పుడు బోటు ఎవరి చేతిల ఉన్నా వాళ్ళకి తెల్వాలె.

తెరచాప_అన్నాపోలిస్ | మే 11

నిన్న రాత్రి నుంచి గట్టి వాన. ముందురోజే ప్రతి ఫిట్టింగ్ కిందా టాయిలెట్ పేపర్ ముక్క అతికించి నంబరు రాసి వచ్చా, చుక్క పడినా మరక తెలిసేట్టు. పొద్దున్నే ఆరింటికి వెళ్ళా. స్టాంచన్ల కింద ముక్కలు పొడిగా ఉన్నాయి, చైన్‌ప్లేట్ల దగ్గర పొడిగా ఉన్నాయి. బెర్తు మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ రాశా, పొడి చెక్క. గోనెసంచి వాసన కూడా సగానికి సగం తగ్గింది.

ఒక్కటే తడిసింది, 17వ నంబరు. క్యాబిన్ పైకప్పు మీద ఎడమవైపు టీక్ గ్రాబ్ రైల్ (చేత్తో పట్టుకునే కమ్మీ), ముందు నుంచి మూడో స్క్రూ. మరక తెల్లగానే ఉంది, రంగు రాలేదు. శనివారం రైలంతా విప్పుతా. దీనికి బ్యూటైల్ కాకుండా పాలీసల్ఫైడే కదా బాబాయ్?

పిట్‌వాటర్_బాబాయి | మే 11

అవును, పాలీసల్ఫైడే. టీక్‌లో నూనె ఉంటుంది, సీలెంట్ పెట్టే ముందు అసిటోన్‌తో తుడిచి, అసిటోన్ ఎగిరిపోగానే వెంటనే పెట్టెయ్యి, గంటాగితే నూనె మళ్ళీ పైకి వస్తుంది. స్క్రూ రంధ్రాలన్నిటికీ ఎపాక్సీ గోడ కట్టు, ఒక్క మూడోదానికే కాదు. మరక తెల్లగా ఉందన్నావు కాబట్టి చెక్క ఇంకా బాగానే ఉండుంటుంది.

తెరచాప_అన్నాపోలిస్ | మే 11

ఎనిమిది రంధ్రాలకీ కడతా. ట్యూబ్ ఇప్పుడే ఆర్డర్ పెట్టా, శుక్రవారం వస్తుందట.